మౌల్మీన్‌లో మా నాయనమ్మ పుట్టిల్లు

ఒడిశాలోని గోపాల్‌పూర్ బీచ్‌లో పాత జెట్టీ స్తంభాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆదివారం సాయంత్రాలు బరంపురం నుంచి షికారుకి వెళ్లేవాళ్లు వాటి దగ్గర నిలబడి ఫొటోలు దిగుతారు. రెండో ప్రపంచ యుద్ధం దాకా అక్కడి నుంచి బర్మాలో, అంటే ఇప్పటి మయన్మార్‌లో, ఉన్న రంగూన్‌కి ఓడలు నడిచాయి. గంజాం పల్లెల నుంచి, ఇటు ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి మగవాళ్లు గుంపులుగా వెళ్లి ఆ ఓడలెక్కేవారు. కూలీల్ని కుదిర్చే మేస్త్రీ ముందుగా కొంత డబ్బు చేతిలో పెట్టేవాడు. అది తీరేదాకా అతను చెప్పిన చోట పని చెయ్యాలి. రేవులో బస్తాలు మొయ్యడం, బియ్యం మిల్లులు, రంపపు మిల్లులు, రిక్షా లాగడం, కోతల కాలంలో పొలాలు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా మనదేశం వాళ్లే. మా బరంపురం తెలుగు వీధుల్లో ఏ పెద్దవాళ్లని కదిపినా ఒక రంగూన్ మాట వస్తుంది. కొన్ని ఇళ్లలో అక్కడి నుంచి తెచ్చిన టేకు పెట్టె ఉంటుంది. కొన్ని ఇళ్లకి అక్కడే ఉండిపోయిన మనిషి ఉంటాడు. మా ఇల్లు ఆ రెండో రకం.

మా నాయనమ్మది చికిటి దగ్గర ఊరు. ఆమెకి ఒక్కడే అన్న. బరంపురంలో మగ్గం పని నేర్చుకుంటూ ఉన్నవాడు పద్దెనిమిదేళ్ల వయసులో, 1936లో ఓడెక్కాడు. ఆ ఏడాదే ఏప్రిల్ 1న మా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి కొత్త ఒరిస్సాలో చేరింది. మరుసటి ఏడాది అదే తేదీన బర్మాని ఇండియా నుంచి వేరు చేశారు. ఆయన వెళ్లింది ఒకే సర్కారు కింద ఒక రేవు నుంచి ఇంకో రేవుకి, కూలి పనికి. రెండేళ్లు తిరక్కుండానే పుట్టిన జిల్లా ఒక కొత్త రాష్ట్రంలో, పని చేసే ఊరు ఒక కొత్త దేశంలో ఉన్నాయి. ఆయన్ని మేము ఇంట్లో బర్మా తాత అనేవాళ్లం, ఒక్కసారి కూడా చూడకపోయినా.

1964 దాకా ఉత్తరాలు వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. అప్పుడు అక్కడ సైనిక ప్రభుత్వం దుకాణాలు, మిల్లులు అన్నీ జాతీయం చేసింది. యాభై, వంద చాట్ల నోట్లు రద్దు చేసింది. లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కి మద్రాసుకి, విశాఖపట్నానికి వచ్చారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు అప్పుడు పడిందే. నాయనమ్మ పోరు పడలేక మా తాతయ్య ఓడ వస్తోందని తెలిసినప్పుడల్లా రైలెక్కి విశాఖ వెళ్లేవాడు. ఇరవై ఏళ్ల మా నాన్న కూడా వెంట వెళ్లేవాడు. దిగినవాళ్లలో బర్మా తాత ఉండే మౌల్మీన్ ఊరివాళ్లెవరని అడుగుతూ తిరిగేవారట. ఒకాయన మాత్రం, ఆ మనిషి బతికే ఉన్నాడు, రానన్నాడు అని చెప్పాడు. ఆ మాట నాయనమ్మకి చెప్పాలా వద్దా అని తండ్రీకొడుకులు దారంతా ఆలోచించుకున్నారు. చెప్పారు. ఆమె మళ్లీ విశాఖ వెళ్లమని అడగలేదు. కార్తీకంలో భగినీహస్త భోజనం రోజున మాత్రం అన్న పేరు చెప్పి ఎవరో ఒకరికి విస్తరి వేసి భోజనం పెట్టేది. 1998లో ఆమె పోయేదాకా ఇది తప్పలేదు. చిన్నప్పుడు ఆ రోజు వడ్డించే పని నాదే. పులిహోర ఎక్కువ పెట్టమని వెనక నుంచి చెబుతూ ఉండేది.

2016లో మా దూరపు చుట్టం కుర్రాడికి ఫేస్‌బుక్‌లో రంగూన్ నుంచి ఒక మెసేజి వచ్చింది. బర్మావాళ్లకి ఇంటిపేర్లు ఉండవు. అయినా ఆ ఇంట్లో మూడు తరాలు తమ ఇంటిపేరుని నోటిమాటగా దాచుకున్నాయి. 2014లో అక్కడ ఫోన్ సిమ్ కార్డులు మామూలు జనానికి అందే ధరకి వచ్చాయి. ఆ తర్వాత మా బర్మా తాత మనవరాలు ఆ ఇంటిపేరుని ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాలుగా రాసి వెతుకుతూ వచ్చింది. బరంపురం, చికిటి అన్న రెండు ఊళ్ల పేర్లు రాసి, మీకు తెలుసా అని అడిగింది. ఆ కుర్రాడు పరుగున మా ఇంటికొచ్చాడు. నాన్న ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు ఆ ఫొటోలు చూస్తూ కూర్చున్నారు. అందులో ఉన్న పెద్దాయన ఆయనకి మేనమామ కొడుకు, వరసకి బావ, అంటే నాకు మామ. ముక్కు అచ్చంగా నాయనమ్మదే.

అందరూ సంతోషించారని చెప్పలేను. ఊళ్లో నాయనమ్మ పుట్టింటివారి భూమి కొద్దిగా ఉంది. ఇన్నేళ్ల తర్వాత వాళ్లు వాటా అడుగుతారేమోనని కొందరికి గుబులు. పిలవొద్దు, వెళ్లొద్దు అని సలహాలు వచ్చాయి. నాన్న ఎవరితోనూ వాదించలేదు. మోకాళ్ల నొప్పితో తను వెళ్లలేరు కాబట్టి నన్ను వెళ్లమన్నారు. నేను ఇక్కడ ఒడియా మీడియం బడిలో టీచర్ని. విదేశం అన్నది నాకు అదే మొదలు.

మా వీధిలో పిల్లలు అమెరికాలో, లండన్‌లో ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చిన పెద్దవాళ్లు మాల్స్ గురించి, జలపాతాల గురించి చెబుతారు. కాసేపయ్యాక, పగలంతా ఒక్కళ్లమే కూర్చునేవాళ్లం అని కూడా చెబుతారు. నాకు వాళ్ల మాటలు వింటే దిగులుగా ఉండేది. అంత దూరం వెళ్లి చుట్టాల ఇంట్లో ఉన్నప్పుడు ఆ ఇంట్లో మన చేతికి కాస్త పని ఉండాలి, ఆ ఇంటి మంచిచెడ్డల్లో మనకి కాస్త చోటుండాలి. లేకపోతే అది హోటల్లో దిగినట్టే. నేను వెళ్తే అలా వెళ్లకూడదనుకున్నాను.

చుట్టాల దగ్గరికి వెళ్లేవాళ్లకి బర్మా ప్రభుత్వం వేరే రకం వీసా ఇచ్చేది. దానికి అక్కడి నుంచి పిలుపు ఉత్తరం కావాలి. కాగితాల టెన్షన్ గురించి రాసి ఉపయోగం లేదు, మొత్తానికి వచ్చింది. 2018 జనవరి చివర్లో రాత్రి బండికి హౌరా, అక్కడి నుంచి విమానం. పెట్టెలో ఆవకాయ, మా బరంపురం అప్పడాలు, అత్తకి ఫొడా కుంభ అంచున్న బరంపురం పట్టుచీర. కోల్‌కతా నుంచి రంగూన్‌కి రెండు గంటల ప్రయాణం కూడా లేదు. విమానం కిటికీ కింద అంతా సముద్రమే. అదే నీళ్ల మీద బర్మా తాత డెక్ మీద కూర్చుని వెళ్లిన సంగతి తలచుకుంటూ ఉండగానే దిగమన్నారు. గడియారం గంట ముందుకి తిప్పుకోవాలి.

ఆ మెసేజి పెట్టిన మనవరాలు, నాకు వదిన వరస, ఎయిర్‌పోర్టుకి వచ్చింది. ఆమెకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం తక్కువ. నాతో సగం ఇంగ్లీషు, సగం తెలుగు. రంగూన్ నడిబొడ్డున ఒక పాత మేడలో నాలుగో అంతస్తులో ఆమె ఇల్లు. లిఫ్టు లేదు. ఆ వీధుల్లో ప్రతి బాల్కనీ నుంచి కిందికి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది. దాని చివర ఒక క్లిప్పు, పైన ఒక గంట. పేపరు కుర్రాడు, కూరగాయలమ్మి కింద తాడు లాగితే పైన గంట మోగుతుంది. క్లిప్పుకి సంచీ తగిలిస్తే పైకి లాక్కుంటారు. మర్నాడు పొద్దున్న ఆ గంట మోగినప్పుడు వదిన నన్ను చూసి, నువ్వు లాగు అంది. అరటి దవ్వ ముక్కలున్న మొహింగా పొట్లం పైకొచ్చింది. చేపల పులుసులో బియ్యపు సేమ్యా వేసుకుని తినడం అది. అక్కడ పొద్దుటి ఫలహారం అదే. నాకు మొదటి రోజే నచ్చింది.

ఆమె నన్ను ష్వెడగాన్ పగోడాకి తీసుకెళ్లింది. వెళ్లేముందు, ఏ వారం పుట్టావు అని అడిగింది. గురువారం అన్నాను. అక్కడ వారానికొక మూల, ఒక జంతువు. బుధవారానికి పొద్దున్న వేరు, మధ్యాహ్నం వేరు, అలా ఎనిమిది మూలలు. గురువారానికి ఎలుక. ఆ మూలలో ఉన్న బుద్ధుడికి గిన్నెతో నీళ్లు పోసి దణ్ణం పెట్టుకోవాలి. వదిన తను పోసి, మా నాన్న పుట్టిన వారం అడిగి ఆయన పేరు మీద కూడా పోసింది. మా ఇంట్లో ఒక మనిషి మేలు కోరి ఆమె నీళ్లు పోస్తూంటే నాకు గొంతు పట్టేసింది.

సాయంత్రం రేవు వైపు నడిచాం. 1930 మే నెలలో అక్కడ తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. వాళ్ల బదులు బర్మా కూలీల్ని పెట్టుకున్నారు. సమ్మె తీరి తెలుగువాళ్లు పనిలోకి వచ్చిన రోజు బర్మావాళ్లని పొమ్మన్నారు. పెద్ద గొడవలై తెలుగువాళ్లు చాలామంది చనిపోయారు. వదిన ఈ సంగతి చదువుకుని తెలుసుకుంది, ఇంట్లో ఎవరూ చెప్పలేదట. పెద్దవాళ్లు పిల్లలకి భయం చెప్పరు కదా అంది. బర్మా తాత అంత గొడవ జరిగిన ఆరేళ్లకి అదే రేవులో దిగాడు. కొన్నాళ్లు అక్కడ చేసి మౌల్మీన్ రంపపు మిల్లులోకి మారాడు.

రంగూన్ నుంచి మౌల్మీన్‌కి రైల్లో పగలంతా పడుతుంది. పట్టాల మీద పెట్టె ఎగిరెగిరి పడుతుంది, బుర్ర ఊగిపోతుంది. వదిన కొడుకు, నా మేనల్లుడు, పదమూడేళ్ల వాడు, నా భుజం మీద తల పెట్టి హాయిగా నిద్రపోయాడు. పూర్వం మొత్తమ అనే ఊరి దగ్గర రైలు దిగి పడవలో సాల్వీన్ నది దాటాల్సి వచ్చేదట. 2005లో పెద్ద వంతెన కట్టారు. వంతెన మీదికి రాగానే మేనల్లుడు లేచి, అత్తా, తాత ఊరు అని చూపించాడు. గుట్ట మీద బంగారు పగోడాలు, కింద విశాలంగా నది.

స్టేషన్లో మామ నిలబడి ఉన్నాడు. డెబ్బై ఏళ్లుంటాయి. లుంగీ, తెల్ల చొక్కా. నేను కాళ్లకి దణ్ణం పెడితే లేవనెత్తి, "ఏటమ్మా, ఇన్నాళ్లకి దారి తెలిసిందేటి?" అన్నాడు. ఆ మాట, ఆ యాస, ఆ సాగదీత మా చికిటి పొలాల్లో వినబడేవి. ఎనభై ఏళ్ల కిందట అక్కడ ఎలా మాట్లాడేవారో అలాగే ఆయన నోట ఉంది. ఇక్కడ మేము మాత్రం మాటమాటకీ ఒడియా కలుపుతాం.

ఇంటికి వెళ్లకముందే వార్డు ఆఫీసుకి తీసుకెళ్లి నా పేరు రాయించాడు. ఇంట్లో ఉండటానికి వచ్చిన పరాయి మనిషి లెక్క అక్కడ చెప్పాలన్నాడు. ఆఫీసులో ఎవరు ఈమె అని అడిగారు. మామ బర్మీస్‌లో ఏదో చెప్పాడు. ఏం చెప్పావు మామా అంటే, మా అత్త మనవరాలు అన్నాను అన్నాడు. నాయనమ్మని ఆయన ఎప్పుడూ చూడలేదు. అయినా మా అత్త అని ఎంత సునాయాసంగా అన్నాడో.

ఆ ఇల్లు కింద ఇటుక, పైన చెక్క. హాల్లో ఒక అలమారాలో బుద్ధుడు, ఆ పక్కనే సీతారాముల పటం, రెండింటి ముందూ రోజూ పువ్వులు. అత్త నన్ను మొదటి రోజు చుట్టంలా చూసింది. రెండో రోజు నేనే చీపురు తీసుకున్నాను. కాసేపు చూసి ఏమీ అనకుండా, మర్నాటి నుంచి నాకు పనులు చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున్నే ఆమెతో బజారు. అక్కడ గోంగూర కట్టలు గుట్టలుగా పోసి ఉంటాయి. బర్మావాళ్లు దాన్ని వెదురు కొమ్ములతో, రొయ్యలతో వేయిస్తారు, వాళ్లకి ప్రాణం. అత్త మాత్రం మన పద్ధతిలో ఎండుమిరపకాయలు వేయించి పచ్చడి నూరుతుంది, చివర్లో గుప్పెడు ఎండు రొయ్యలు వేస్తుంది. ఆ రొయ్యల సంగతి బర్మాదో, మా గంజాం సముద్రపు ఒడ్డుదో ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు. మధ్యాహ్నం సాన మీద తనాకా అనే చెట్టు చెక్కని నీళ్లతో అరగదీసి నా బుగ్గలకి పూసేది. మేము గంధం తీసినట్టే తీస్తారు. చల్లగా ఉంటుంది. ఆవకాయ జాడీని ఆమె అందరికీ అందని ఎత్తులో పెట్టి, ఆదివారం మాత్రం దించేది.

వాళ్ల వీధి చివర చిన్న రామాలయం ఉంది. శనివారం భజన. పాడే ముసలివాళ్లకి తెలుగు చదవడం రాదు, పాట వస్తుంది. చిన్నపిల్లలు బర్మీస్ అక్షరాల్లో రాసుకుని పాడతారు. నన్ను చూసి అందరూ వరసలు కలిపారు. సోంపేట, టెక్కలి, పర్లాకిమిడి, ఒక్కొక్కరిది ఒక ఊరి పేరు. ఊరు ఎక్కడుందో తెలియదు, పేరు మాత్రం పోగొట్టుకోలేదు. మా ఊరు ఇప్పుడు ఎలా ఉంది అని అడిగారు. నేను చూసిన ఊళ్లయితే చెప్పాను. చూడని ఊళ్ల పేర్లు కాగితం మీద రాసుకున్నాను.

అక్కడే నాకు తెలిసొచ్చింది, నేను వాళ్ల గురించి తెలుసుకోవాలని వెళ్తే వాళ్లు నాకంటే ముందు నుంచి ఎదురుచూస్తున్నారని. మామ దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. 1985లో బర్మా తాత పోయేముందు చెప్పినవన్నీ అందులో రాసుకున్నాడు, తెలుగులోనే. రాయడం గుళ్లో నేర్చుకున్నాడట. రోజూ రాత్రి అన్నాలయ్యాక కళ్లజోడు పెట్టుకుని ఆ పుస్తకం తీసేవాడు. మా గోత్రమేటి? ఊరి అమ్మవారి పేరేటి, సంబరం ఏ నెల? పిల్లల పెళ్లిళ్లలో పురోహితుడు అడిగితే చెప్పలేకపోయానమ్మా అన్నాడు. నేను ఫోన్‌లో నాన్నని అడిగి చెబుతూంటే ఒక్కొక్కటీ రాసుకున్నాడు. భూమి గురించి ఒక్క మాట అడగలేదు. నేనే ఉండబట్టలేక ఎత్తితే, "మా నాయన వదిలేసి వచ్చినాడు కదమ్మా, మళ్లీ మాకెందుకు?" అన్నాడు.

1942లో ఎందుకు రాలేదు అని అడిగాను. రంగూన్ మీద జపాన్‌వాళ్ల బాంబులు పడింది 1941 డిసెంబరు 23న. అక్కడివాళ్లలో లక్షల మంది అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడుచుకుంటూ బయటపడ్డారు, దారిలో చాలామంది పోయారు. మౌల్మీన్ అయితే జనవరి 31కే జపాన్ చేతిలోకి వెళ్లిపోయింది. బయల్దేరడానికే వ్యవధి లేదు. రంపపు మిల్లులో ఉన్నవాళ్లని రైలు పట్టాల కింద వేసే దుంగలు కొయ్యడానికి పెట్టారు. అది సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, నుంచి బర్మాకి వేసిన రైలు దారి, 415 కిలోమీటర్లు.

మామ నన్ను ఆ దారి ముగిసే తన్‌బ్యుజాయత్‌కి తీసుకెళ్లాడు. అక్కడ యుద్ధ ఖైదీల శ్మశానం ఉంది. పచ్చగడ్డిలో వరసగా పలకలు, వాటి మీద పేరు, వయసు, రెజిమెంటు. ఎంతో శ్రద్ధగా చూస్తున్నారు. మలయా రబ్బరు తోటల నుంచి పట్టుకొచ్చిన తమిళులు, తెలుగువాళ్లు, బర్మా పల్లెలవాళ్లు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువమంది పోయారు. వాళ్ల పేర్లు ఏ రాయి మీదా లేవు. మా నాయన కోసిన దుంగలు ఇక్కడ ఎక్కడో ఉండాలి అని మామ అన్నాడు. నేను టీచర్ని, చరిత్ర పాఠంలో రెండో ప్రపంచ యుద్ధాన్ని ఏళ్ల తరబడి చెప్పాను. ఆ రోజు తర్వాత ఆ పాఠం అలా చెప్పలేకపోయాను. ఇప్పుడు మా పిల్లలకి ముందు గోపాల్‌పూర్ స్తంభాల నుంచి మొదలుపెడతాను.

మరి 1964లో? ఆ ప్రశ్నకి జవాబు అత్త చెప్పింది. వాళ్ల అత్తగారు మౌల్మీన్‌లోనే పుట్టింది. ఆమెకి ఇండియా చూడని పరదేశం. ముగ్గురు పిల్లల్ని వేసుకుని ఓడ దిగితే ఎవరింటికి వెళ్లాలి అని అడిగిందట. బర్మా తాత దగ్గర జవాబు లేదు. ఉన్న డబ్బు రద్దయిన నోట్లే. ఉండిపోయారు. ఆ తర్వాత ఉత్తరం రాయడానికి ఆయనకి ముఖం చెల్లలేదు అని అత్త అంది. నాన్నకి ఈ సంగతి ఫోన్‌లో చెప్పలేదు. ఇంటికి వచ్చాక ఎదురుగా కూర్చుని చెప్పాను.

మామ కొడుకు, నాకు బావ, నన్ను మోటార్ సైకిల్ మీద బిలూ దీవికి తీసుకెళ్లాడు. అంతకు ముందు ఏడాదే దానికి వంతెన వేశారు. ఆ దీవి పల్లెల్లో రబ్బరు బ్యాండ్లు చేస్తారు, రాతి పలకలు చేస్తారు. మా చిన్నప్పటి బడి పలకలే, చెక్క చట్రంతో. పలకలు కోసి, నునుపు చేసి, చట్రం బిగించే ఆడవాళ్ల పక్కన నేను చాలాసేపు కూర్చున్నాను. మా బడి పిల్లల కోసం కొన్నాను. బరువని బావ గొణిగాడు, మోశాడు.

బయల్దేరే ముందు రాత్రి మామ నోటుపుస్తకంలో చివరి పేజీ తీశాడు. అందులో ఒక పేరు, దాని పక్కన పన్నెండు రూపాయలు అని ఉంది. బరంపురంలో పక్క మగ్గం అతని దగ్గర బర్మా తాత దారి ఖర్చుకి తీసుకున్న అప్పు. తీర్చకుండా వచ్చేశాను, నువ్వైనా తీర్చు అని కొడుక్కి చెప్పి పోయాడు. మామ ఒక వంద డాలర్ల నోటు నా చేతిలో పెట్టాడు. బర్మాలో డాలరు నోటు మీద చిన్న మడత ఉన్నా తీసుకోరు, అందుకని దాన్ని పుస్తకం మధ్యలో ఇస్త్రీ చేసినట్టు దాచాడు. ఇది ఎవరికివ్వాలో కనుక్కో అమ్మా, నీకు ఇదే పని అన్నాడు. విదేశం వెళ్లినవాళ్లు ఏమేమో తెస్తారు. నాకు ఈ పని దొరికింది. ఇంతకంటే గొప్పది ఏముంటుందో నాకు తెలియదు.

వెతకడం తేలిక కాలేదు. మా పట్టు మగ్గాల వీధుల్లో ఇప్పుడు మగ్గాలే తక్కువ. చాలా కుటుంబాల్లో కుర్రాళ్లు సూరత్ పవర్‌లూమ్‌లకి వెళ్లిపోయారు. నాన్నా, నేనూ సాయంత్రాలు ఒక్కో ఇంటి అరుగు మీద కూర్చుని ఆ పేరు అడుగుతూ వెళ్లాం. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి ఆ రోజుల్లో నాకంటే ముందు నడిచారు. చివరికి ఒక ముసలమ్మ గుర్తుపట్టింది. ఆ మనిషి మనవడు సూరత్‌లో ఉన్నాడు. ఫోన్ చేస్తే మొదట నమ్మలేదు, ఏదో మోసం అనుకున్నాడు. నాన్న అతని తాత పేరు, ఆ తాత నాన్న పేరు చెప్పేసరికి మెత్తబడ్డాడు. డబ్బు వద్దన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. వద్దనడానికి నీకు హక్కు లేదు బాబూ, ఇది మీ తాతది, ఆయన పుణ్యం అన్నారు. సరే, ఠాకురాణి జాతరకి వస్తాను, అప్పుడివ్వండి అన్నాడు.

బుఢి ఠాకురాణి జాతర మాకు రెండేళ్లకోసారి. అమ్మవారు గుడి నుంచి దేశిబెహరా వీధికి, పుట్టింటికి, వస్తుంది. మగ్గాలవాళ్ల పెద్ద కుటుంబం పిలిచి తీసుకొస్తుంది. రోజూ రాత్రి ఘటాలతో ఊరేగింపు, మొక్కున్నవాళ్లు రకరకాల వేషాలు కడతారు. 2019 చైత్రంలో ఆ సూరత్ అబ్బాయి పెళ్లాం పిల్లలతో వచ్చాడు. నాన్న తాంబూలంలో పెట్టి డబ్బిచ్చారు. వాళ్ల కొడుక్కి పులి వేషం మొక్కు ఉందట, ఆ డబ్బు దానికే ఖర్చుపెట్టాడు. ఒంటికి పసుపు రంగు, నల్ల చారలు, డప్పుల ముందు ఆ బుడ్డోడి గంతులు. నేను వీడియో కాల్ చేసి చూపించాను. రంగూన్‌లో వదిన, మౌల్మీన్‌లో మామ, అత్త, బావ, అందరూ ఒకే తెరలో ఇరుక్కుని చూశారు. మామ, ఆ డప్పు దగ్గరగా పెట్టమ్మా, మా నాయన ఇదే వాయించి చూపించేవాడు అన్నాడు. పెట్టాను. చెవులు పగిలిపోయే చప్పుడులో ఆయన ఇంకా ఏదో అంటున్నాడు, వినబడలేదు.

2021 ఫిబ్రవరి 1న అక్కడ మళ్లీ సైన్యం పగ్గాలు తీసుకుంది. ఫోన్లు ఉంటే ఉంటాయి, పోతే పోతాయి. ఆ జులైలో కరోనా అక్కడ భయంకరంగా ఉంది, ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం వీధుల్లో క్యూ కట్టారు. మామ ఆ నెలలోనే పోయాడు. కబురు మాకు ఆలస్యంగా వచ్చింది. నాన్న తలస్నానం చేసి, ఆ పూట అన్నం ముట్టలేదు. నోటుపుస్తకం వదిన దగ్గర ఉంది. తన తర్వాత కొడుక్కి ఇస్తానంది.

ఆ కొడుకే, రైల్లో నా భుజం మీద నిద్రపోయినవాడు. 2024 ఫిబ్రవరిలో పద్దెనిమిది నుంచి ముప్ఫై ఐదేళ్ల మగవాళ్లు సైన్యంలో చేరాల్సిందేనని ప్రకటించారు. వాడికి అప్పుడు పందొమ్మిది. వదిన నిద్ర మానేసింది. చివరికి థాయ్‌లాండ్ పంపించేసింది. ఇప్పుడు బ్యాంకాక్‌లో ఒక హోటల్ వంటింట్లో పని చేస్తున్నాడు. ముత్తాత వెళ్లినట్టే వీడూ కూలికి పరాయి దేశం వెళ్లాడు. తేడా ఏమిటంటే వీడి కబురు నాకు వారం వారం తెలుస్తుంది. ఏం తిన్నావు, కాగితాలు సరిగ్గా ఉన్నాయా, యజమాని జీతం ఇచ్చాడా, ఇవే మా మాటలు. గోంగూర పచ్చడి ఎలా చెయ్యాలో ఫోన్‌లో చెప్పాను. హోటల్లో వాళ్లకి కూడా పెట్టాడట.

ఈ మధ్య వాడు అడుగుతున్నాడు, అత్తా, 2027 జాతరకి నేను రావచ్చా అని. పాస్‌పోర్టు, వీసా ఏవి ఎలా కుదురుతాయో కనుక్కోవాలి. నాన్నకి ఎనభై దాటాయి, ఆయన మాత్రం వాడు వచ్చేసినట్టే మాట్లాడుతున్నారు. వచ్చిన మర్నాడే చికిటి తీసుకెళ్లాలట, ఊరి పెద్దల ముందు వాడి ఇంటిపేరు చెప్పించాలట. వాటా గురించి గుబులుపడ్డ మా చుట్టాలు కూడా ఇప్పుడు భోజనం మా ఇంట్లో అంటే మా ఇంట్లో అని పోటీ పడుతున్నారు. నేను మాత్రం వాడిని మొదటి రోజు కూర్చోబెట్టి, రెండో రోజు నుంచి నాతో బజారుకి తిప్పుతాను, వాళ్ల అమ్మమ్మ నన్ను తిప్పినట్టే. మా పెద్ద బజారులో సంచీ మోసేవాళ్లు తక్కువయ్యారు.